నడుం లోతు నీళ్లు

పోయిన వారం సోఫియాని కాలేజీ గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. వాచ్‌మన్ వదలనన్నాడు, ఆవిడ కదలనంది. వారమంతా ఎండలో నిలబెట్టిన పాపం మనకెందుకు, ఇక లోపలికి తీసుకెళ్దాం.

అంతకు ముందు, మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు. రెండు వేల నాలుగు డిసెంబరులో, క్రిస్మస్ మర్నాడు, నర్సీపట్నం సంఘం వాళ్లు బాప్తిస్మాల కోసం లారీ కట్టించుకుని పాయకరావుపేట అవతల సముద్రానికి వెళ్లారు. ఈ సంఘంలో బాప్తిస్మమంటే తల మీద నీళ్లు చిలకరించి సరిపెట్టడం కాదు. మనిషిని వెనక్కి వాల్చి నిలువునా ముంచాలి. దానికి నడుం లోతు నీళ్లు కావాలి. ఆ పూట పాస్టరు గారు దిగేసరికి నడుం లోతు ఉన్న నీళ్లు చూస్తూండగా మోకాళ్లకి దిగాయి, మోకాళ్ల నుంచి చీలమండలకి దిగాయి. జనం భయపడలేదు. నీళ్లు ఎటు పోతే అటు, నడుం లోతు వెతుక్కుంటూ సముద్రం వెనకాలే నడిచారు. కాసేపటికి సముద్రం తిరిగొచ్చింది. చాలామంది ఎలాగో ఒడ్డున పడ్డారు. బాప్తిస్మం తీసుకోవాల్సిన ముసలమ్మ రాజులమ్మ పోయింది. సోఫియా మొగుడు ప్రభుకుమార్ పోయాడు.

ఇప్పుడు ఏడాది తిరిగింది. ఈ ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూటం. సంఘ కార్యదర్శి జ్ఞానరాజు మాస్టారు రాసిన నివేదిక అందులో చదువుతారు. 'ప్రభుకుమార్ తొందరపడి చెయ్యి ఊపి అందరినీ లోపలికి పిలిచినందువలన ఈ నష్టము సంభవించినది' అని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం తీయించడానికి సోఫియా గడప గడపా తిరుగుతోంది. ఆవిడకి సారా అని ఆరేళ్ల కూతురుంది. సండే స్కూల్లో పిల్లలెవరో 'మీ నాన్న వల్లే రాజులమ్మ మామ్మ చచ్చిపోయింది' అన్నారట. కూటంలో ఆ వాక్యం చదివేశారంటే, పెళ్లయి వెళ్లిపోయేదాకా ఆ పిల్లకి అదే ఇంటిపేరు. పాస్టరు గారు ప్రార్థన చేస్తానన్నారు. సంఘ పెద్దలు చూద్దామన్నారు. ఇక మిగిలింది జ్ఞానరాజు మాస్టారి కూతురు దయావతి. కాలేజీలో జియాలజీ లెక్చరర్. ఆవిడ కోసమే సోఫియా గేటు దగ్గర నిలబడింది.

వాచ్‌మన్ టీ తాగడానికి పక్కకి వెళ్లగానే సోఫియా లోపలికి నడిచింది. దయావతి క్లాసు ఎక్కడో ఒక పిల్లని అడిగి, వెనక తలుపులోంచి వెళ్లి ఆఖరి బెంచీ మీద కూర్చుంది. పిల్లలు ఆవిడ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన మేడం అనుకుని నిటారుగా కూర్చున్నారు. దగ్గర్నుంచి చూస్తే చీర నిండా యాసిడ్ చిల్లులు. ప్రభుకుమార్ పోయాక అబీద్ సెంటర్లో బ్యాటరీ షాపు ఆవిడే నడుపుతోంది. బ్యాటరీల్లో యాసిడ్ పోసేవాళ్ల బట్టలు అలాగే ఉంటాయి.

దయావతి ఆవిడ్ని చూసింది. చూసి పాఠం ఆపలేదు.

"భూమి పుట్టి నాలుగువందల అరవై కోట్ల ఏళ్లు. మొదట్లో నేలా లేదు, నీళ్లూ లేవు. అంతా కరిగిన రాయి. పైన చల్లారి తొక్క కట్టింది, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు. ఆవిరంతా వానై, లక్షల ఏళ్లు కురిసి పల్లంలో నిలిచింది. అదే సముద్రం. ఆ మీగడ ఒకటే ముక్కగా లేదు. పలకలుగా విడిపోయి ఉంది. మనమున్న పలక ఈశాన్యంగా జరుగుతోంది. ఏడాదికి మీ గోరు ఎంత పెరుగుతుందో దాదాపు అంత."

వెనక ఎవడో గోళ్లు చూసుకున్నాడు. దయావతి రెండు రికార్డు పుస్తకాలు బల్ల మీద పెట్టి, ఒకదాన్ని రెండో దాని కిందికి తోసింది. కింది పుస్తకం ఇరుక్కుని పైదాన్ని వంచింది. ఇంకాస్త తోసేసరికి పై పుస్తకం పట్టు వదిలి పైకి ఎగిరింది. దాని మీద పెట్టిన సుద్దముక్క దొర్లి కింద పడింది.

"సుమత్రా దగ్గర జరిగింది ఇదే. మన పలక వాళ్ల పలక కిందికి దూరుతోంది. ఇరుక్కుంది, జారింది. సుద్దముక్క ఉన్నచోట అక్కడ సముద్రం ఉంది. అల రాబోయే ముందు కొన్ని తీరాల్లో నీళ్లు వెనక్కి పోతాయి. అలా పోతే ఏం చెయ్యాలి? చూస్తూ నిలబడకూడదు. ఎత్తుకి పరుగెత్తాలి. రాసుకోండి. ఇది ఇంపార్టెంట్."

అందరూ వంగి రాసుకున్నారు. ఏడాది కిందటి దాకా ఈ పేరా దగ్గరకి వచ్చేసరికి దయావతే 'ఇది వదిలెయ్యండి, జపాన్ వాళ్ల గొడవ, పరీక్షకి రాదు' అనేది. మన చదువుల్లో ఇంపార్టెంట్ అనే మాటకున్న అధికారం జిల్లా కలెక్టరుకి కూడా లేదు. ఇంపార్టెంట్ కానిది లోకంలో జరగదని పిల్లలు నమ్ముతారు. చెప్పేవాళ్లు అంతకన్నా ఎక్కువ నమ్ముతారు. తీరమంతా శవాలు లేచాక ఆ పేరా పది మార్కుల ప్రశ్న అయింది.

"మేడం గారూ, నాకో డౌటండి," అంటూ సోఫియా లేచి నిలబడింది.

"క్లాసయ్యాక మాట్లాడదాం సోఫియా."

"ఒక్క మాటేనండి. మా ఆయన మీ దగ్గరే సదివేరు, ప్రభుకుమార్. ఆయనకి ఈ ముక్క సెప్పేరాండి?"

పేరు వినగానే పిల్లలు వెనక్కి తిరిగారు. సముద్రంలో పోయిన ప్రభుకుమార్ ఎవరో ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"చెప్పలేదు," అంది దయావతి.

"ఎందుకండి?"

దయావతి కింద పడ్డ సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది. అబద్ధమాడ్డానికి అక్కడ చోటు లేదు. నలభై మంది చూస్తున్నారు.

"అప్పుడది ఇంపార్టెంట్ కాదు," అంది.

ముందు బెంచీలో ఒక కుర్రాడు నవ్వబోయి, పక్కవాడి మొహం చూసి మానేశాడు. దయావతి బెల్లు మోగకముందే క్లాసు వదిలేసింది.

క్లాసు గది పక్కనే రాళ్లు పెట్టుకునే గది. గోడల నిండా చెక్క అరలు, అరల్లో రకరకాల రాళ్లు, వాటి కింద చిన్న చీటీలు. కిటికీ పక్కన ఒక గాజు సీసాలో బూడిదరంగు మట్టి. పాతికేళ్ల వయసులో దయావతి పరిశోధన ఓడ మీద బంగాళాఖాతంలోకి వెళ్లి, సముద్రం అడుగుకి గొట్టం దింపి తెచ్చుకున్న మట్టి అది. నర్సీపట్నంలో సముద్రాన్ని చూసినవాళ్లు చాలామంది, అడుగు ముట్టుకున్న మనిషి ఆవిడొక్కతే. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పుకోదు. వాళ్ల నాన్నగారు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతారు.

సోఫియా సంచిలోంచి పాలపొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టి మూత తెరిచింది. అడుగున రెండు గుప్పెళ్ల ఎండిన మట్టి ఉంది.

"మా ఆయన జేబులోదండి. బట్టలు నా సేతికిచ్చినప్పుడు ఉతకలేదు నేను. ఆరబెట్టి దులిపి దీన్లో ఏసేను. సముద్రం మట్టి సూసి అది ఎంత లోపల్దో మీరు సెప్పేస్తారంట కదా. ఆయనే అనేవోరు, మా మేడం సెప్పేస్తారు అని."

"దీంతో నీకేం కావాలి?"

"ఆయన అందరికన్నా ముందు లోపలికి పోయి పిలిచేరని రాసేరు కదండి. ఇది ఒడ్డు ఇసకే అనుకోండి, ఆయన అంత ముందు పోనేదని అవుతాది కదా."

దయావతి ఒక తెల్ల కాగితం పరిచి మట్టి కొంచెం పోసింది. భూతద్దం పెట్టి వేలితో పలచగా సర్దింది. చాలాసేపు చూసింది. సోఫియా ఆవిడ మొహమే చూస్తూ నిలబడింది.

"ఈ నల్లటి మెరుపు రేణువులున్నాయే, ఇది ఒడ్డు ఇసక. ఈ జిగట మట్టి లోపల్ది, ఏళ్ల తరబడి మెల్లగా దిగి పేరుకున్నది. ఇవి నలిగిన గవ్వలు. అన్నీ ఉన్నాయి సోఫియా. అల దొర్లించి దొర్లించి కొట్టింది కదా, కలిపేసింది. మట్టి వరస చెడకుండా ఉంటేనే ఏదైనా చెబుతుంది. అడుగుది అడుగున, పైది పైన ఉండాలి. మేం ఓడ మీంచి గొట్టం దింపేది అందుకే. ఇది జేబులో పడ్డ మట్టి. ఇది సాక్ష్యం చెప్పదు."

"ఒడ్డు ఇసకే అని మీరు అనీసినా ఎవులికి తెలుస్తాదండి? మీరంటే అందరూ నమ్ముతారు."

"నాకు తెలుస్తుంది. అలా చెప్పలేను."

సోఫియా ఆ మట్టిని కాగితంతో సహా ఎత్తి, ఒక్క రేణువు పోకుండా డబ్బాలో పోసుకుంది. మూత గట్టిగా నొక్కింది.

"మట్టి దగ్గర ఇంత నిజం మాటాడతారు కదండి. మరి మనుషుల దగ్గర కూడా మాటాడండి. ఆ వేళ నేను పొడి బట్టలు కాపలా కాసుకుంటూ ఒడ్డున ఉన్నాను. మా ఆయన అందరి ముందుకీ వచ్చి సెయ్యి సాపేరు. అది పిలవడం కాదండి, అడ్డం పెట్టడం. నేను ఆయనతో ఆరేళ్లు కాపరం సేసేను, ఆ సెయ్యి నాకు తెల్దా? తరవాత మీ నాన్నగారు మన సంఘం జాన్ ప్రసాద్ గారి సెల్లు తీసుకుని ఎవులితోనో మాటాడేరు. మాటాడేకనే అందరూ కదిలేరు. ఎవులికి సేసేరో ఆయన్ని మీరడగండి. నేనడిగితే ఇనరు."

దయావతి కిటికీ వైపు తిరిగింది. ఆవిడకి ఆ ఫోను గుర్తుంది. మరిచిపోయిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఏడాదిగా దాన్ని అడుగున పెట్టి, పైన రోజుకింత మట్టి పోసుకుంటూ వచ్చింది. కాలేజీ, పాఠాలు, పేపర్లు దిద్దడం, ఆదివారం ఆరాధన. తవ్వేవాళ్లు లేకపోతే ఏదైనా అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి డబ్బా పట్టుకుని నిలబడింది.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. సాయంత్రం కాలేజీ వదిలే వేళకి జ్ఞానరాజు మాస్టారు కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి వస్తారు. రిటైరైన జాగ్రఫీ మాస్టారు. ఊళ్లో సగం మందికి అక్షాంశాలు, రేఖాంశాలు నేర్పిన మనిషి. భార్య పోయాక ఆయనకి లోకమంతా దయావతే. ఆవిడ గురించి చెప్పేటప్పుడు పేరు చెప్పరు, 'మా ఓషనోగ్రాఫర్' అంటారు. అనేటప్పుడు ఆయన మెడ కాస్త నిక్కుతుంది.

"దయా, పదమ్మా," అంటూ లోపలికి వచ్చి సోఫియాని చూసి ఆగిపోయారు.

"వందనాలు మాస్టారండీ," అంది సోఫియా.

"వందనాలు. నివేదిక సంగతి చెప్పేశాను కదమ్మా నీకు. అది కమిటీ ఆమోదించింది. మళ్లీ ఇక్కడికెందుకు?" అంటూ ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఆ వేళ సముద్రం కాడ ఎవులికి ఫోన్ సేసేరండి?"

మాస్టారు జేబులోంచి రుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఫోనా? పాస్టరమ్మ గారికి. భోజనాలు ఎంతవరకు వచ్చాయో కనుక్కున్నాను."

"నాకు చేశారు నాన్నా," అంది దయావతి.

ఆ గదిలో రాళ్లున్నాయని చెప్పాను కదా, కాసేపు మనుషులు కూడా వాటిలో కలిసిపోయారు.

"దయా, నువ్వు మాట్లాడకు."

"ఏడాది నుంచి మాట్లాడలేదుగా నాన్నా. ఇంకెన్నాళ్లు?" దయావతి సోఫియా వైపు తిరిగింది. "ఆ రోజు తెల్లారుతూండగా నా మంచం కదిలింది సోఫియా. అరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. భూకంపమని తెలిసింది. తెలిసి భయపడలేదు, సరదా పడ్డాను. పాఠంలో చెప్పేది మా ఇంటికొచ్చిందని. తర్వాత నాన్న ఫోను చేశారు. పౌర్ణమి కదా, ఆటుకి నీళ్లు బాగా వెనక్కి పోతాయా అని అడిగారు. పోతాయి, మామూలే, భయం లేదు అన్నాను. అంతే. నేల కదలడం, నీళ్లు పోవడం రెండూ ఒకే పాఠంలో ఉన్నాయి, ఒకే పేజీలో ఉన్నాయి. నేను కలిపి చూడలేదు."

"భయం నేదన్నారా," అంది సోఫియా. "ఆ మాట మీదా నా మొగుడు లోపలికెళ్లింది?"

సోఫియా మాస్టారి వైపు తిరిగింది.

"ఈవిడికి ఫోన్ సెయ్యాలని మీకెందుకు తోచింది? ఊరికినే తోచదు కదండి."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. జీవితమంతా పిల్లల్ని బల్ల ఎక్కించి నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషికి జవాబు చెప్పడం అలవాటు లేదు.

"మీ ఆయనే," అన్నారు చివరికి. "చెయ్యి అడ్డం పెట్టాడు. ఆగండి మాస్టారూ, ఇదేదో మా మేడం పుస్తకంలో ఉన్నాది, పాఠం వదిలెయ్యమన్నారు గానీ బొమ్మ సూసేను, ఇలగ నీళ్లు పోతే మంచిది కాదనుకుంటాను అన్నాడు. దాని పేరేమిట్రా అన్నాను. చెప్పలేకపోయాడు. పేరు కూడా తెలియని దానికి జడిసి బాప్తిస్మం ఆపుతామా? రాజులమ్మ చలికి వణుకుతోంది. లారీవాడు వెళ్లిపోతానని హారన్ కొడుతున్నాడు. నీళ్లేమో పోతూనే ఉన్నాయి. సరే, మీ మేడంనే అడుగుదాం అని జాన్ ప్రసాద్ సెల్లు తీసుకున్నాను. భయం లేదందిరా అని చెప్పాను. మేడం అన్నారా, అయితే సరేనండి అన్నాడు. రాజులమ్మకి నడవడం కష్టంగా ఉంటే తనే చెయ్యి పట్టుకుని నడిపించాడు."

సోఫియా అర పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది.

"ఆపేరు," అంది. "మా ఆయన ఆపేరు."

ఏడాదిగా ఆవిడ నమ్మింది ఒక్కటే, తన మొగుడు ఎవర్నీ పిలవలేదని. ఆపాడని ఆవిడకి తెలుసు గానీ, ఏమని ఆపాడో ఇప్పుడే విన్నది. గుండె నిండా గర్వం పొంగింది. ఆ వెనకే, ఈ తండ్రీకూతుళ్ల పీకలు అక్కడికక్కడే నులిమేయాలన్నంత కోపం వచ్చింది. మొగుడు అంత తెలివిగా ఆలోచించి, మేడం అనే ఒక్క మాటకి తన తెలివిని తనే పక్కన పెట్టేశాడు. అది తలుచుకుంటే అతని మీద కూడా కోపం వచ్చింది.

"ఇదంతా తెలిసుండి, పిలిచేడని ఎలాగ రాసేరు మాస్టారండీ?"

"నేను పుట్టించలేదమ్మా. ఒడ్డు నుంచి చూసినవాళ్లకి చెయ్యెత్తడం కనిపించింది. పిలిచాడనుకున్నారు. నేను కాదనలేదు, అంతే. కాదంటే మరేమన్నాడని అడుగుతారు. అది చెబితే ఫోను సంగతి వస్తుంది. ఫోను వస్తే దయ పేరొస్తుంది. ఓషనోగ్రఫీ చదివిన మనిషి చెబితేనే వెళ్లారట అని ఊరంతా అంటుంది. మా అమ్మాయి ఈ ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా? ప్రభుకుమార్‌కి ఇప్పుడు ఏ పేరొస్తే ఏముంది? వాడు ప్రభువు దగ్గరున్నాడు. అక్కడ మన నివేదికలు చదవరు."

"మా సారా ఇక్కడే ఉన్నాదండి," అంది సోఫియా. "ఇక్కడ సదువుతారు."

మాస్టారు తల దించుకున్నారు. తల దించుకున్నంత మాత్రాన ఆయన మెత్తబడ్డారని అనుకోకండి. కూతుర్ని కాపాడుకోవడానికి పక్కింటి పిల్లని ముంచడం తప్పు కాదని నమ్మే తండ్రులు చాలామంది ఉన్నారు, వాళ్లలో చాలామంది ప్రార్థన కూడా బాగా చేస్తారు.

"ఆదివారం నేను చెబుతాను నాన్నా. ఆ వాక్యం కొట్టేసి నా పేరు రాయండి," అంది దయావతి.

"నీకేమైనా మతి పోయిందా? ఉద్యోగం చేసుకునేదానివి."

"ఉండండి మేడం," అంది సోఫియా లేస్తూ. చీర దులుపుకుంది. బ్యాటరీకి రెండు వైర్లూ పెట్టి ఎక్కడ తెగిందో చూసే మనిషి, మాటల్లో కూడా అలాగే చూసింది. "ఒక్కటి తేలలేదు. పౌర్ణమి గురించి అడిగేరన్నారు. అది ఇంటి కాడ కూకుని కూడా అడగొచ్చు. నీళ్లు అప్పటికే ఎల్లిపోతన్నాయని, సూస్తండగా ఎల్లిపోతన్నాయని, ఆ ముక్క మీకు ఫోన్లో సెప్పేరా?"

"చెప్పాను," అన్నారు మాస్టారు.

"చెప్పలేదు," అంది దయావతి.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఇద్దరి మధ్య అబద్ధం ఒకటుందని ఇద్దరికీ అర్థమైంది, అది ఎవరిదో మాత్రం తేలలేదు. దయావతి 'చెప్పలేదు' అని గట్టిగానే అంది. అన్న మరుక్షణం అనుమానం వచ్చింది. ఆ రోజు సిగ్నల్ తెగి తెగి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నాన్న అనలేదా, అంటే తను వినలేదా? వినలేదా, విని కూడా మామూలే అనేసిందా? ఆటుకి నీళ్లు దిగడానికి గంటలు పడుతుందని, చూస్తూండగా దిగితే అది ఆటు కాదని తనకి తెలుసు. తెలియక చెప్పిన మాట వేరు, తెలిసిన మనిషి పరధ్యానంలో చెప్పిన మాట వేరు. ఆ తేడా మోస్తూ బతకడం తన వల్ల అవుతుందా అని భయం వేసింది.

"ఆ సెల్లు జాన్ ప్రసాద్ గారిది," అంది సోఫియా. "ఆయన మీ పక్కనే నిలబడ్డారు మాస్టారండీ. నేను సూసేను. అవతల మేడం ఏటన్నారో ఆయనకి తెల్దు గానీ, ఇవతల మీరేటి అడిగేరో మొత్తం ఇనుంటారు. పొయ్యి ఆయన్ని అడుగుతాను."

మాస్టారు చటుక్కున కుర్చీలోంచి లేచారు. ఊళ్లో ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవని మనిషి ఒక బ్యాటరీ షాపు ఆడదాని ముందు లేచి నిలబడ్డారు.

"అమ్మా సోఫియా, అక్కడికి వెళ్లకు. నీకు కావలసింది ఆ వాక్యమే కదా. తీసేస్తాను. కమిటీకి నేను చెప్పుకుంటాను. ఇక ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్."

ఇన్నాళ్లు గడప గడపా తిరిగింది ఈ మాట కోసమే. ఊ అంటే చాలు. సారా ఆదివారం కూటంలో తల ఎత్తుకుని కూర్చోవచ్చు. సోఫియా ఒక్క క్షణం ఆగింది. ఆగిందని చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే.

"నాన్నా, ఎవరి కోసం భయపడుతున్నారు?" అంది దయావతి. "మీకోసమా, నాకోసమా? నాకోసమైతే ఆపకండి."

మాస్టారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"తీసేస్తే అక్కడ ఖాళీ ఉండిపోతాది మాస్టారండీ," అంది సోఫియా. "ఇప్పుడు పిలిచేడంటన్నారు, అప్పుడు ఏటి సేసేడో తెల్దంటారు. నా కూతురికి అది సాల్దు. ఆపేడని రాయాలి. ఎవులు అతని మాట తోసేసి ముందుకి నడిపించేరో కూడా రాయాలి." డబ్బా సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

"ఆగు సోఫియా, నేనూ వస్తాను," అంది దయావతి. చేతికంటిన సుద్దపొడి కూడా దులుపుకోకుండా ఆవిడ వెనకే వెళ్లింది. తండ్రి వైపు చూడలేదు.

మాస్టారు కిటికీ దగ్గరకి వచ్చారు. జాన్ ప్రసాద్ షాపు ఎంతో దూరం లేదు. ఆడవాళ్లిద్దరూ అప్పుడే గేటు దాటుతున్నారు. ఏడాది కిందట ఆయనకి సెల్లు లేదు, పక్కవాడిది అడిగి తీసుకున్నారు. ఇప్పుడు ఉంది. దయావతే కొనిచ్చింది. జేబులోంచి తీసి, నంబరు నొక్కారు.

"ప్రసాదూ, నేను. మా దయా, ఆ సోఫియా ఇద్దరూ నీ దగ్గరికే వస్తున్నారు. ఆ వేళ ఫోన్లో నేనేం అడిగానో నువ్వు విన్నావా లేదా అని అడుగుతారు."

అవతల షాపులో రేడియో తగ్గించిన చప్పుడు వినిపించింది. తర్వాత జాన్ ప్రసాద్ ఎప్పటిలాగే వినయంగా, మాస్టారి మాట ఎన్నడూ జవదాటని పాత శిష్యుడి గొంతుతో అడిగాడు.

"ఏటి ఇన్నానని సెప్పమంటారండి?"